అత్తగారి పెట్టెలో కాగితం

మిరప కోతలు అయిపోయాయి. కల్లాల్లో కాయలు ఆరబోశారు. ఊరంతా ఘాటుగా ఉంది.

అది ఒంగోలుకు దగ్గర్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో రాత్రి బడి నడుస్తోంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. వంట చేసి, గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టి వస్తున్నారు. అందరి చేతుల్లో పలకలు ఉన్నాయి.

ఆ రోజు ఒక అవ్వ పలకతో పాటు ఇంకొకటి తెచ్చింది. చీర కొంగులో చుట్టి తెచ్చింది. అది ఒక పాత కాగితం. రంగు మారిపోయింది. మడతల దగ్గర చిరిగింది.

"పంతులమ్మా, ఇది మా అత్త పెట్టెలో దొరికింది. ఇందులో ఏముందో చూడు" అంది అవ్వ.

పంతులమ్మ కాగితం అందుకుంది. జాగ్రత్తగా విప్పింది. ఇంగ్లీషు అక్షరాలు. టైపు కొట్టిన కాగితం.

"ఇదేంటో మీ అత్త చెప్పలేదా అవ్వా?"

"చెప్పింది. మా మామ రంగం యుద్ధానికి పోయాడంట. తిరిగి రాలేదంట. అంతే చెప్పింది. మా ఆయన అప్పటికి పాలు తాగే పిల్లోడు. తండ్రి మొహం ఎరగడు."

పంతులమ్మ కూడబలుక్కుంటూ చదివింది. తెలుగులో అర్థం చెప్పింది. మొదట ఒక నంబరు ఉంది. తర్వాత మనిషి పేరు. తర్వాత పటాలం పేరు, మద్రాసు శాపర్లు. తర్వాత తేదీ. సంవత్సరం 1944. చోటు బర్మా. చివర ఒక మాట ఉంది. యుద్ధంలో చనిపోయాడు.

బడిలో ఎవరూ మాట్లాడలేదు.

"మా అత్త ఈ కాగితాన్ని యాభై ఏళ్ళు దాచింది" అంది అవ్వ. "ఒక్క అక్షరం చదవలేదు. పండగ రోజు పెట్టె తీసి, దీన్ని కళ్ళకు అద్దుకునేది. మళ్ళీ పెట్టేది."

"ఈ రోజు మన పాఠం ఇదే" అంది పంతులమ్మ.

రంగం అంటే ఎక్కడ?

ఒంగోలు నుంచి కొత్తపట్నం వెళితే సముద్రం కనిపిస్తుంది. దాని పేరు బంగాళాఖాతం. ఆ నీటికి ఇవతల మనం ఉన్నాం. అవతల బర్మా దేశం ఉంది. ఇప్పుడు ఆ దేశాన్ని మయన్మార్ అంటున్నారు. అక్కడి పెద్ద పట్టణం రంగూన్. దాని ఇప్పటి పేరు యాంగోన్. మన పెద్దవాళ్ళు దాన్నే రంగం అనేవాళ్ళు.

ఒకప్పుడు కోస్తా జిల్లాల నుంచి చాలామంది ఓడ ఎక్కి రంగం పోయేవాళ్ళు. రేవులో మూటలు మోసేవాళ్ళు. బియ్యం మిల్లుల్లో పని చేసేవాళ్ళు. నాలుగు రూకలు వెనకేసుకుని ఇంటికి వచ్చేవాళ్ళు.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. 1942 మార్చిలో జపాన్ సైన్యం రంగూన్ను పట్టుకుంది. అక్కడున్న మనవాళ్ళు లక్షల మంది బయలుదేరారు. చాలామంది అడవుల్లో, కొండల్లో నడిచి వచ్చారు. ఆకలితో, జబ్బులతో దారిలోనే ఎందరో పోయారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. యుద్ధం మన గడప దాకా వచ్చింది.

ఆ తర్వాత మూడేళ్ళు బర్మా కొండల్లో యుద్ధం జరిగింది. మన దేశం నుంచి వెళ్ళిన సిపాయిలు అక్కడ పోరాడారు. తుపాకి పట్టినవాళ్ళు ఉన్నారు. బండ్లు తోలినవాళ్ళు ఉన్నారు. రోడ్లు వేసినవాళ్ళు, నదుల మీద వంతెనలు కట్టినవాళ్ళు ఉన్నారు. అలా వంతెనలు కట్టే సిపాయిలనే శాపర్లు అంటారు. చింద్విన్ నది, ఇరావతి నది దాటటానికి సైన్యానికి వంతెనలు కావాలి. శత్రువు కాలుస్తుంటే కూడా ఆ పని ఆగకూడదు. 1945 మే నెలలో రంగూన్ మళ్ళీ చేతికి వచ్చింది.

అది ఎవరి యుద్ధం?

"మన దేశం మీదకు రాకముందే మనవాళ్ళు ఎందుకు పోయారు?" అని ఒకామె అడిగింది. మంచి ప్రశ్న.

అప్పుడు మన దేశం ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఉంది. యుద్ధంలోకి దిగుదామా వద్దా అని మనల్ని ఎవరూ అడగలేదు. ఇంగ్లండు యుద్ధంలో ఉంటే ఇండియా కూడా ఉన్నట్టే అన్నారు.

1914 నుంచి 1918 వరకు జరిగిన మొదటి యుద్ధంలోనూ అంతే. అప్పుడు మన దేశం నుంచి సుమారు 13 లక్షల మంది సముద్రం దాటారు. సిపాయిలూ వెళ్ళారు, కూలీలూ వెళ్ళారు. ఫ్రాన్సు, ఇరాకు, ఆఫ్రికా వెళ్ళారు. సుమారు 74 వేల మంది చనిపోయారు. రెండో యుద్ధం నాటికి మన సైన్యం 25 లక్షలకు పెరిగింది. ఆ యుద్ధంలో సుమారు 87 వేల మంది చనిపోయారు.

సైన్యంలో చేరిన వాళ్ళకు ఎవరి కారణాలు వాళ్ళకు ఉన్నాయి. ఇంట్లో అప్పు ఉంది. వాన లేదు. సైన్యంలో నెల జీతం వస్తుంది. కడుపునిండా తిండి, ఒంటికి బట్ట దొరుకుతుంది. కొందరికి తండ్రి, తాత చేసిన పని అదే. కొందరికి పది దేశాలు చూడాలని కోరిక.

ఇంకో దారి పట్టినవాళ్ళూ ఉన్నారు. జపాన్ వాళ్ళకు చిక్కిన మన సిపాయిల్లో చాలామంది సుభాష్ చంద్రబోసు వెంట నడిచారు. ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. బర్మాలో, మలయాలో కూలి చేసుకునే మనవాళ్ళు కూడా అందులో చేరారు. రెండు వైపులా మన బిడ్డలే ఉన్నారు.

యుద్ధం ఎవరిదైనా కావచ్చు. పోయిన మనిషి మాత్రం ఒక ఇంటి మనిషి. ఒక తల్లి కొడుకు. ఒక ఆడదాని మొగుడు. వాళ్ళను తలుచుకోవటం అంటే యుద్ధాన్ని పొగడటం కాదు. మనిషిని మరిచిపోకుండా ఉండటం.

ఉత్తరం ఎవరు చదివారు?

సిపాయి ఎక్కడున్నా ఇంటికి ఉత్తరం రాసేవాడు. చదువు రానివాడు తోటి సిపాయి చేత రాయించుకునేవాడు. ఆ ఉత్తరాన్ని సైన్యంలోని అధికారులు ముందు చదివేవాళ్ళు. యుద్ధ రహస్యాలు ఏమన్నా ఉంటే కొట్టేసేవాళ్ళు. తర్వాతే పోస్టులో వేసేవాళ్ళు.

ఉత్తరం ఊరు చేరేది. అప్పుడు భార్య ఏం చేసేది? ఆమెకు చదువు రాదు. పోస్టుమాన్ని బతిమాలేది. లేకపోతే బడి పంతులు దగ్గరికో, కరణం దగ్గరికో పోయేది. అరుగు కింద నిలబడి వినేది. మొగుడు రాసిన మాట మూడో మనిషి నోటి నుంచి వినాలి. జవాబు కూడా మూడో మనిషికే చెప్పాలి. మనసులో ఉన్నది నలుగురిలో ఎట్లా చెప్పుద్ది? "అందరం క్షేమం, నువ్వు క్షేమమని తలుస్తాం" అని రాయించేది. అంతటితో ఉత్తరం అయిపోయేది.

చివరికి చావు కబురు కూడా కాగితం మీదే వచ్చేది. తంతి వచ్చిందంటే ఊరు ఊరంతా ఆ ఇంటి ముందు చేరేది. ఆ ఇంటి ఆడవాళ్ళకు తప్ప ఊళ్ళో నలుగురికి ముందే తెలిసిపోయేది.

అవ్వ అత్తగారికి కూడా అలాగే తెలిసింది. తర్వాత నెలకింత అని పింఛను వచ్చింది. ఆమె వేలిముద్ర వేసి తీసుకునేది. ఎంత రావాలో తెలియదు. ఇచ్చింది తెచ్చుకునేది. ఆ డబ్బుతో, కలుపు కూలితో కొడుకును పెంచింది.

మిలిటరీ మాధవరం

ఒంగోలులో రైలు ఎక్కితే చీరాల, తెనాలి, విజయవాడ, ఏలూరు దాటి తాడేపల్లిగూడెం వస్తుంది. అది పశ్చిమ గోదావరి జిల్లా. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. అందరూ దాన్ని మిలిటరీ మాధవరం అంటారు.

ఎందుకు ఆ పేరు వచ్చింది? ఆ ఊళ్ళో తరతరాలుగా సైన్యంలో చేరుతున్నారు. తాత చేశాడు. తండ్రి చేశాడు. కొడుకు చేస్తున్నాడు. రాజుల కాలం నుంచే తమది సైనికుల ఊరని అక్కడి పెద్దలు చెబుతారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఒక్క ఊరి నుంచి 90 మంది వెళ్ళారని ఊరి లెక్క. రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్ళారు. ఒక ఊరి నుంచి వెయ్యి మంది మగవాళ్ళు వెళ్ళిపోతే ఆ ఊరు ఎట్లా ఉంటుంది? సేద్యం ఎవరు చేశారు? పశువుల్ని ఎవరు చూశారు? ముసలివాళ్ళకు ఎవరు అన్నం పెట్టారు? ఆడవాళ్ళే. ఆ లెక్క ఎవరూ రాయలేదు.

వెళ్ళినవాళ్ళు అందరూ తిరిగి రాలేదు. ఆ ఊరివాళ్ళు తమ వీరుల కోసం ఊళ్ళో స్మారకం కట్టుకున్నారు. ఢిల్లీలో ఉన్న అమర జవాన్ల స్మారకం మాదిరిగా కట్టుకున్నారు. పూలు పెడతారు. పిల్లలకు చూపిస్తారు. "వీళ్ళు మన ఊరివాళ్ళు" అని చెబుతారు.

ఊరంతా కలిస్తే పేరు నిలుస్తుంది. మాధవరం చెప్పే పాఠం ఇదే.

రాళ్ళ మీద పేర్లు, రాయని పేర్లు

దూర దేశంలో చనిపోయిన సిపాయిని ఇంటికి తీసుకొచ్చేవాళ్ళు కాదు. అక్కడే మట్టి చేసేవాళ్ళు. హిందువులైతే అక్కడే దహనం చేసేవాళ్ళు. అందుకని చాలామందికి సమాధి లేదు. నదిలో, అడవిలో కనపడకుండా పోయినవాళ్ళూ ఉన్నారు. సమాధి లేనివాళ్ళ పేర్లు రాతి స్తంభాల మీద చెక్కారు.

అలాంటి స్మారకం ఒకటి రంగూన్ దగ్గర ఉంది. ఆ చోటు పేరు తౌక్యాన్. అక్కడ రాతి స్తంభాల మీద సుమారు 27 వేల పేర్లు ఉన్నాయి. వాటిలో మన దేశం సిపాయిల పేర్లే ఎక్కువ. ఢిల్లీలో ఇండియా గేటు ఉంది కదా. 1931లో దాన్ని తెరిచారు. దాని గోడల మీద కూడా 13 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. అవి మొదటి యుద్ధంలో, ఆ తర్వాత జరిగిన అఫ్గాన్ యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు.

ఇలాంటి పేర్లను, సమాధులను చూసుకోవటానికి 1917లో ఒక సంస్థ పెట్టారు. ఇప్పుడు దాన్ని కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ అంటారు. పెద్ద హోదా, చిన్న హోదా తేడా లేకుండా అందరి పేర్లూ రాయాలని వాళ్ళు నియమం పెట్టుకున్నారు.

కానీ అన్ని చోట్లా ఆ నియమం పాటించలేదు. ఇరాకు దేశంలో బస్రా అనే ఊరుంది. అక్కడ మొదటి యుద్ధంలో పోయినవాళ్ళకు పెద్ద స్మారకం కట్టారు. తెల్ల సిపాయిల పేర్లు ఒక్కొక్కటిగా చెక్కారు. మనవాళ్ళలో అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిల పేర్లు చెక్కలేదు. ఫలానా పటాలంలో ఇంతమంది అని లెక్క మాత్రం వేశారు. చనిపోయినవాడు ఒక అంకె అయిపోయాడు. ఆఫ్రికాలో కూడా ఇలా జరిగింది. 2021లో ఆ సంస్థే ఈ తప్పు ఒప్పుకుంది. క్షమాపణ చెప్పింది. పేర్లు వెతికే పని మొదలుపెట్టింది.

వందేళ్ళ తర్వాత అయినా ఆ పని ఎందుకు చేస్తున్నారు? పేరు లేకపోతే మనిషి లేనట్టే కాబట్టి.

శ్రీలంకకు వెళ్ళినవాళ్ళు

స్వతంత్రం వచ్చాక కూడా మన సిపాయిలు వేరే దేశాలకు వెళ్ళారు. ఈసారి మన ప్రభుత్వం పంపితే వెళ్ళారు. కొన్నిసార్లు ఐక్యరాజ్య సమితి అడిగితే శాంతి కాపాడటానికి వెళ్ళారు. ఆఫ్రికాలోని కాంగోలో 1961 డిసెంబర్ 5న కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా పోరాడుతూ చనిపోయాడు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. మన సైన్యంలో అన్నిటికన్నా పెద్ద పతకం అదే.

మనకు దగ్గర దేశం శ్రీలంక. అక్కడ తమిళులకు, ప్రభుత్వానికి మధ్య పోరాటం సాగింది. 1987 జులై 29న మన దేశానికి, శ్రీలంకకు మధ్య ఒప్పందం జరిగింది. శాంతి కాపాడమని మన సైన్యాన్ని పంపారు. సికింద్రాబాద్‌లో ఉండే 54వ డివిజన్ ముందుగా వెళ్ళింది. అయితే శాంతి నిలవలేదు. అక్టోబరులో తమిళ పులులకు, మన సైన్యానికి మధ్య యుద్ధం మొదలైంది. 1990 మార్చి 24న మన సిపాయిలు పూర్తిగా తిరిగి వచ్చారు. ఆ మూడేళ్ళలోపే సుమారు 1200 మంది మన సిపాయిలు చనిపోయారు. అక్కడి సామాన్య జనం కూడా చాలామంది పోయారు.

అలా చనిపోయినవాళ్ళలో మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఒకడు. ఆయనది బొంబాయి. 1987 నవంబర్ 25న రాత్రి పూట తన మనుషులతో తిరిగి వస్తున్నాడు. దారిలో మాటు వేసినవాళ్ళు కాల్పులు జరిపారు. ఆయన ఛాతీకి గుండు తగిలింది. అయినా తన మీదకు వచ్చినవాడి తుపాకి లాక్కున్నాడు. దాంతోనే వాణ్ణి కాల్చాడు. ప్రాణం పోయేదాకా తన మనుషులకు దారి చెబుతూనే ఉన్నాడు. ఆయనకూ పరమవీర చక్ర ఇచ్చారు.

పతకం వచ్చినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో ఉంటాయి. మరి మిగతావాళ్ళ సంగతి? 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం తెరిచారు. గుండ్రంగా గోడలు కట్టారు. ఒక్కో రాయి మీద ఒక్కో సిపాయి పేరు చెక్కారు. 25 వేలకు పైగా పేర్లు ఉన్నాయి. శ్రీలంకలో పోయినవాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. శ్రీలంకలో కొలంబో దగ్గర కూడా మన సిపాయిల పేర్లతో ఒక స్మారకం ఉంది.

ఇంట్లో సిపాయి ఉంటే

పేరు రాతి మీద ఉంటే చాలదు. కాగితం మీద సరిగ్గా ఉండాలి. సిపాయి మీద ఆధారపడ్డ ఆడవాళ్ళకు ఇది చాలా ముఖ్యం. భర్త గాని, కొడుకు గాని సైన్యంలో ఉంటే ఈ సంగతులు తెలుసుకోండి.

ఒకటి. సైన్యంలో ప్రతి మనిషికీ ఒక నంబరు ఉంటుంది. పేర్లు కలవొచ్చు. నంబరు కలవదు. ఆ నంబరు, పటాలం పేరు రాసి ఇంట్లో పెట్టుకోండి.

రెండు. పెళ్ళయిన తేదీ, భార్య పేరు, పిల్లల పుట్టిన తేదీలు సైన్యం రికార్డులో ఎక్కించాలి. సెలవులో వచ్చినప్పుడు "ఎక్కించావా?" అని అడగండి. అడగటం తప్పు కాదు.

మూడు. భార్య పేరు అన్ని కాగితాల్లో ఒకే రకంగా ఉండాలి. సైన్యం రికార్డు, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం మూడూ దగ్గర పెట్టుకుని చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత తిరగాల్సి వస్తుంది. ఇప్పుడే దిద్దించుకోండి.

నాలుగు. యుద్ధంలో చనిపోయిన సిపాయి భార్యకు వచ్చే పింఛను మామూలు కుటుంబ పింఛను కన్నా ఎక్కువ. అతను చివరగా తీసుకున్న జీతంతో సమానంగా వస్తుంది. ఎంత రావాలో తెలిస్తేనే ఎంత వచ్చిందో సరిచూసుకోగలం.

ఐదు. ఏడాదికి ఒకసారి బతికి ఉన్నట్టు రుజువు ఇవ్వాలి. మరిచిపోతే పింఛను ఆగుతుంది.

ఆరు. ఒంగోలులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. సిపాయిల కుటుంబాలకు సాయం చేయటం వాళ్ళ పని. కాగితాలు ఎట్లా పెట్టాలో వాళ్ళను అడగొచ్చు. మధ్యలో దళారి అక్కర్లేదు.

పేరు దొరికింది

మర్నాడు రాత్రి బడి మళ్ళీ కూడింది. ఎవరూ ఆలస్యం చేయలేదు.

యుద్ధ సమాధుల సంస్థ వాళ్ళ జాబితా ఇప్పుడు ఫోనులో కూడా చూడొచ్చు. పంతులమ్మ ఫోను తీసింది. మొదట పేరు కొట్టి చూసింది. దొరకలేదు. మన పేర్లు ఆనాటి గుమాస్తాలు తమ చెవికి వినపడ్డట్టు రాసుకున్నారు. ఒకే పేరు నాలుగు రకాలుగా ఉంటుంది.

"కాగితం మీద నంబరుంది గదా. అది కొట్టు" అంది అవ్వ.

పంతులమ్మ ఒక్కో అంకె కొట్టింది. అవ్వ పక్కన నిలబడి ఒక్కో అంకె చదివి చెప్పింది. అంకెలు ఆమెకు వచ్చు. ఈ బడిలోనే నేర్చుకుంది.

పేరు వచ్చింది.

పంతులమ్మ చదివింది. శాపరు. మద్రాసు శాపర్ల పటాలం. చనిపోయిన తేదీ. పేరున్న చోటు రంగూన్ స్మారకం. తర్వాత తండ్రి పేరు చదివింది. ఆ తర్వాత ఆగింది.

"అవ్వా, మీ అత్త పేరు ఏంటి?"

అవ్వ చెప్పింది.

"ఇదిగో, ఆ పేరు ఇక్కడుంది. ఫలానా ఆమె భర్త అని రాశారు. ఊరి పేరు కూడా ఉంది."

అవ్వకు వెంటనే అర్థం కాలేదు. "మా అత్త పేరా? ఆ దేశం పుస్తకంలోనా?"

"అవును. ఈ జాబితాలో చాలామంది సిపాయిల పేర్ల దగ్గర తండ్రి పేరు, భార్య పేరు, ఊరు రాసి ఉంటాయి. అందరికీ ఉండవు. మీ అత్తకు ఉంది."

"ఊరి తర్వాత ఏముంది?" అని ఒకామె అడిగింది.

"గుంటూరు జిల్లా, మద్రాసు అని ఉంది."

"మనది ప్రకాశం జిల్లా గదా పంతులమ్మా! ఇది వేరే ఊరేమో."

"కాదు వదినా. అప్పుడు ప్రకాశం జిల్లా లేదు. 1970 ఫిబ్రవరి 2న మన జిల్లా పుట్టింది. మొదట ఒంగోలు జిల్లా అన్నారు. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అంతకు ముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. కందుకూరు, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ యుద్ధం నాటికి అన్నీ మద్రాసు రాష్ట్రంలోనే. పాత పేర్లు వెతికేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి."

అవ్వ ఇవేమీ వినటం లేదు. ఫోను వంకే చూస్తోంది.

"ఎన్నేళ్ళ నుంచి ఉంది ఈ పేరు అక్కడ?"

"యుద్ధం అయిపోయాక రాశారు. చాలా ఏళ్ళ నుంచి ఉంది."

"అంటే మా అత్త బతికుండగానే ఉందా?"

"ఉంది అవ్వా."

"ఆమెకు ఎవరూ చెప్పలేదు" అంది అవ్వ. "తన మొగుడు ఎక్కడ పోయాడో, ఎవరన్నా గుర్తు పెట్టుకున్నారో లేదోనని ఆమె దిగులు. చివరి రోజుల్లో కూడా అదే అంది. అక్కడ తన పేరు కూడా రాశారని తెలిస్తే ఎంత ధైర్యంగా ఉండేదో!"

పంతులమ్మ రెండు పేర్లూ తెలుగులో నల్లబల్ల మీద రాసింది. మొదటి పేరు సిపాయిది. రెండో పేరు అతని భార్యది. అందరూ కలిసి పైకి చదివారు. మెల్లగా, అక్షరం అక్షరం కలుపుకుని చదివారు.

అవ్వ పలక తీసింది. ముక్కు మీదకు కళ్ళజోడు జరుపుకుంది. రెండు పేర్లూ చూసి రాసింది. గుణింతం ఒక చోట తప్పింది. చెరిపి మళ్ళీ రాసింది. ఆ పలకను తుడవకుండా ఇంటికి తీసుకుపోయింది.

ఇంట్లో మనవడు మేలుకునే ఉన్నాడు. "ఏందవ్వా అది?" అన్నాడు.

"మీ ముత్తాత పేరురా. ఈ పక్కన మీ ముత్తవ్వ పేరు. నేనే రాశా. కూర్చో, చదివి చెబుతా" అంది అవ్వ.

కొత్త మాటలు

పటాలం – సిపాయిల దళం
శాపరు – సైన్యంలో దారులు, వంతెనలు కట్టే సిపాయి
స్మారకం – చనిపోయినవాళ్ళ గుర్తుగా కట్టినది
హోదా – ఉద్యోగంలో స్థాయి
రికార్డు – వివరాలు రాసి దాచిన పుస్తకం లేక కాగితం
దళారి – డబ్బు తీసుకుని మధ్యలో పని చేసిపెట్టేవాడు

మాట్లాడుకోండి

1. అవ్వ అత్తగారికి చదువు వచ్చి ఉంటే ఆమె బతుకులో ఏమేమి మారేవి?
2. బస్రాలో సిపాయిల పేర్లు రాయకుండా లెక్క మాత్రమే రాశారు. అది ఎందుకు తప్పు?
3. మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళినప్పుడు మాధవరం ఆడవాళ్ళు ఏయే పనులు చేసి ఉంటారు?
4. మీ ఊరి నుంచి సైన్యానికి వెళ్ళినవాళ్ళు ఎవరు? తిరిగి రానివాళ్ళు ఉన్నారా? పెద్దవాళ్ళను అడగండి.

రాయండి

1. మీ అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, నాయనమ్మ పేరు రాయండి. వాళ్ళ ఊళ్ళ పేర్లు కూడా రాయండి.
2. మీ ఆధార్ కార్డులో మీ పేరు ఎట్లా ఉందో చూసి రాయండి. బ్యాంకు పుస్తకంలో ఎట్లా ఉందో చూసి కింద రాయండి. రెండూ ఒకటేనా?
3. దూరాన పని చేస్తున్న మీ ఇంటి మనిషికి ఒక ఉత్తరం రాయండి. ఎవరి చేతా రాయించకండి. మీ మనసులో మాట మీరే రాయండి.